కాంపౌండ్ విల్లు వదిలి రికర్వ్ విల్లు పట్టుకుందామనుకుంటున్నా, వేటకి ఎన్ని పౌండ్లు తీసుకోవాలి?

కొత్తవిలుకాడు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ కాంపౌండ్‌తో టార్గెట్ మీద కొడుతున్నా, ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) గానీ లాంగ్‌బో (పొడుగాటి సాదా విల్లు) గానీ పట్టుకుని జింక వేటకి వెళ్ళాలని గట్టిగా ఉంది. నేనుండే చోట విల్లుతో వేటకి అనుమతి ఉంది, లైసెన్స్ కూడా తీసుకున్నా. కాంపౌండ్ 60 పౌండ్లు తేలిగ్గా లాగేస్తా కాబట్టి 50 పౌండ్ల రికర్వ్ తీసుకుంటే సరిపోతుందా? పాత కార్బన్ బాణాలే వాడొచ్చా? సైట్ (విల్లుకి బిగించే గురి పరికరం) లేకుండా గురి ఎలా చూస్తారు, ఎవర్నడిగినా "అదే వచ్చేస్తుంది" అంటున్నారు, ఎలా వస్తుందో మాత్రం చెప్పట్లేదు.

నారిమోత:
50 వద్దు బ్రో, దయచేసి వద్దు. కాంపౌండ్‌లో 60 అనేది లాగడం మధ్యలో వచ్చే బరువు, పూర్తిగా లాగాక విల్లు కొసల్లోని చక్రాలు, అదే క్యామ్‌లు తిరిగిపోయి చేతిలో మిగిలేది పన్నెండో పదిహేనో పౌండ్లు. రికర్వ్‌లో అంతా తిరగబడుతుంది, లాగేకొద్దీ బరువు పెరుగుతూ పోయి నువ్వు గురి చూసే క్షణంలోనే మొత్తం బరువు మూడు వేళ్ళ మీద ఉంటుంది. బరువు ఎక్కువైనవాణ్ణి పక్కన నిలబడి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: విల్లు పట్టిన చేతి భుజం చెవి దాకా లేస్తుంది, తలే నారి దగ్గరికి వంగుతుంది, మధ్యవేలు నోటి మూలకి చేరకముందే బాణం వదిలేస్తాడు. ఆ అలవాటు ఒంటికి పట్టిందంటే వదిలించుకోడానికి మళ్ళీ తేలిక విల్లుకే రావాలి.

62 అంగుళాల టేక్‌డౌన్ (భాగాలు విడదీసుకునే) రికర్వ్ తీసుకుని 30 లేదా 35 పౌండ్ల లింబ్స్‌తో (వంగే రెండు రెక్కలు) మొదలుపెట్టు, ఒళ్ళు కుదిరాక అదే రైజర్‌కి (మధ్యలో చేత్తో పట్టుకునే భాగం) 45వి బిగించుకోవచ్చు. లింబ్ మీద రాసిన అంకె 28 అంగుళాలు లాగినప్పటిది. నీ డ్రా (నువ్వు లాగే పొడవు) 26 అయితే అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున తగ్గుతుంది, అంటే 40 అని ఉన్నది నీ చేతిలో దాదాపు 35. లాంగ్‌బో కూడా మంచిదే, తేలిక, చప్పుడు తక్కువ, కానీ మొదటి విల్లుకి లింబ్స్ మార్చుకునే సౌకర్యమే ముఖ్యం అని నా అభిప్రాయం.

అడవిదారి:
నారిమోత గారు చెప్పింది నిజమే గానీ ఒక మాట కలపాలి, సాధన 30తో చెయ్యి, వేటకి మాత్రం అక్కడి రూల్ ఏం చెప్తుందో చూడు. జింకకి కొన్నిచోట్ల కనీసం 35, కొన్నిచోట్ల 40 పౌండ్లు అడుగుతారు, అది 28 దగ్గర లెక్కా లేక నీ డ్రా దగ్గర లెక్కా అన్నది కూడా చదువుకో. 40-45 దాటి జింకకి అక్కర్లేదు. బాణం తూటాలా దెబ్బతో పడగొట్టదు, కోసి రక్తం పోగొట్టి చంపుతుంది, అందుకే పౌండ్ల కంటే బ్లేడు పదునే ముఖ్యం. రెండు అంచుల బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే బ్లేడు మొన) తీసుకుని ముంజేతి మీద వెంట్రుకలు గీరుకుపోయేంత పదును పెట్టు, అంత పదును లేనిది అంపపొదిలో పెట్టకు.

ఇంకోటి, నారి ఎక్కించడానికి స్ట్రింగర్ తాడు వాడు, విల్లుకీ నారికీ మధ్య కాలు పెట్టి వంచితే లింబ్ మెలిపడొచ్చు. బాణం లేకుండా లాగి వదలడం అసలు చెయ్యొద్దు.

ఈకలబాణం:
బాణాల సంగతి నేను చెప్తా, ఎందుకంటే అందరూ విల్లు మీద డబ్బంతా పెట్టి ఇక్కడే చిక్కుకుంటారు. నీ పాతవి 60 పౌండ్ల కాంపౌండ్‌కి కొన్నవి కాబట్టి 35 పౌండ్ల రికర్వ్‌కి మరీ గట్టిగా ఉంటాయి. స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే కొలత) అంకె చిన్నదైతే బాణం గట్టిది, 400 కంటే 600 మెత్తన. వేళ్ళతో వదిలినప్పుడు బాణం విల్లు పక్కనుంచి వంగుతూ వెళ్తుంది, ఆ వంపు సరిగ్గా లేకపోతే నువ్వెంత బాగా వదిలినా పక్కకే పోతుంది. కుడిచేతివాటం అయితే, ఈకలు లేని బాణం ఈకలున్న బాణాలకి ఎడమగా పడితే గట్టిదని, కుడిగా పడితే మెత్తదని అర్థం. గట్టిదైతే ముందు బరువైన మొన పెట్టి చూడు, మెత్తదైతే కొంచెం కొంచెంగా పొడవు తగ్గించు. అందుకే కొత్తవి పొడుగ్గానే కొను, కోసేశాక అతికించలేం.

బాణం తోకనున్న ప్లాస్టిక్ వేన్‌లు (రెక్కలు) కూడా పీకేసి ఈకలు అంటించుకో. షెల్ఫ్ (విల్లు మీద బాణం ఆనే చోటు) మీంచి కొట్టేటప్పుడు ఈక నలిగి దారిస్తుంది, ప్లాస్టిక్ తగిలి బాణాన్ని తోసేస్తుంది. బాణం మొత్తం బరువు విల్లు పౌండుకి తొమ్మిది పది గ్రెయిన్లు (బాణాల బరువు చెప్పే చిన్న కొలత) ఉంటే విల్లుకీ మంచిది, చప్పుడూ తగ్గుతుంది.

కొత్తవిలుకాడు:
చాలా థాంక్స్ అందరికీ, 50 ఆలోచన మానేశా. మరి గురి? ఎంత దూరం దాకా వచ్చాక వేటకి సిద్ధం అనుకోవాలి?

నారిమోత:
గురికి రెండు దారులు. ఒకటి చూపంతా లక్ష్యం మీదే ఉంచి చెయ్యిని నమ్మడం. రెండోది గ్యాప్, అంటే బాణం మొనకీ కొట్టాల్సిన చోటుకీ మధ్య ఏ దూరంలో ఎంత ఎడం కనబడుతోందో గుర్తుపెట్టుకోవడం. నీకు గ్యాపే చెప్తా, తప్పు ఎక్కడ జరిగిందో లెక్క దొరుకుతుంది. కానీ ముందు కొన్ని వారాలు నాలుగడుగుల దూరంలో గడ్డిమోపు పెట్టి కళ్ళు మూసుకుని బాణం వదలడమే చెయ్యి, ప్రతిసారీ వేలు నోటి మూలకి చేరిందా, వదిలాక చెయ్యి వెనక్కి పోయిందా, అంతే చూసుకో.

అడవిదారి:
దూరం సంగతికొస్తే, వరసగా చాలా బాణాలు కొట్టి సగటు చూసుకోవద్దు. పొద్దున్నే వార్మప్ లేకుండా ఒక్క బాణం వెయ్యి, అది అన్నం పళ్ళెమంత వలయంలో రోజూ పడుతున్న దూరమే నీ హద్దు. అది 12 గజాలైతే 12 గజాలే, చాలామందిమి 20 దాటం. మోకాళ్ళ మీద కూర్చుని, చెట్టు మచాన్ మీంచి వంగి కూడా సాధన చెయ్యి, అక్కడ నిటారుగా నిలబడే వీలు దొరకదు. జింక పక్కకి తిరిగి ఉన్నప్పుడో కాస్త అటువైపు మళ్ళి ఉన్నప్పుడో మాత్రమే, ముందుకాలి వెనక, ఊపిరితిత్తులకి. ఎదురుగా నిలబడి చూస్తుంటే వదలకు, తిరిగేదాకా ఆగు, తిరక్కపోతే పోనీ. తగిలాక కూడా వెంటనే పరిగెత్తకు, కనీసం అరగంట కదలకుండా కూర్చుని, చివరిగా ఎక్కడ కనబడిందో అక్కణ్ణుంచి రక్తపు జాడ పట్టుకో.