కూర్మన్నపాలెం నుంచి హెల్త్ సిటీకి రోజూ తిరగడానికి ఏ బండి? స్కూటరా, కరెంటు బండా, పాత కారా?

కూర్మన్నపాలెం కోడలు:

అందరికీ నమస్కారం. విశాఖలో, ఆరిలోవ హెల్త్ సిటీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేస్తున్నాను. ఇల్లు కూర్మన్నపాలెంలో, అద్దెకి, రెండో అంతస్తు. రానూపోనూ యాభై కిలోమీటర్లు ఉంటుంది. పాత యాక్టివా మొరాయిస్తోంది, ఇంజన్ దింపాలంటున్నాడు మెకానిక్. ఇంక దాని మీద డబ్బు తగలేసే ఓపిక లేదు.

మధ్యాహ్నం షిఫ్టయితే ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. షీలానగర్ దగ్గర కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోతే బండి దానంతటదే ఊగుతుంది, ఆ రూట్లో తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఆయన మూడున్నర లక్షల్లో పాత వ్యాగనార్ చూద్దామంటారు. తమ్ముడు కరెంటు స్కూటర్ అంటాడు. అత్తగారు "బస్సుంది కదమ్మా" అంటారు, ఆవిడ ఒక్కసారి ఆ టైములో హనుమంతవాక స్టాపులో నిలబడితే తెలుస్తుంది.

అప్పుడప్పుడు పాపని ఎన్ఏడీ జంక్షన్ దగ్గర మా అమ్మ వాళ్ళింట్లో దింపాలి. కారు నడపడం వచ్చుగానీ చెయ్యి తిరగలేదు. ఇంటి గేటు సన్నం. ఏది తీసుకోమంటారు?

మధురవాడ మావయ్య:

కారే తీసుకోండి మేడం. ఒక్క వానాకాలం చాలు, పెట్టిన డబ్బు దండగ కాలేదనిపిస్తుంది. నాది సీఎన్‌జీ, గ్యాస్ బండి. ఖర్చు కలిసొస్తుంది, కాకపోతే డిక్కీ అంతా సిలిండరే. టాటా వాళ్ళు పెద్దదాని బదులు రెండు చిన్న సిలిండర్లు అడుగున సర్దారు, వాటిలో కాస్త చోటు మిగులుతుంది. సీఎన్‌జీ పాత బండి కొంటే సిలిండర్ ప్లేటు మీద తేదీ చూసుకోండి, మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు (నీళ్ళ ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూడటం) తప్పదు. డీజిల్ జోలికి మాత్రం పోకండి. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండికి మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, సిటీలో ఆగుతూ సాగుతూ తిప్పితే అది మూసుకుపోయి ప్రాణం తీస్తుంది.

రిటైర్డ్ ఫిట్టర్, గాజువాక:

అమ్మా, కారు మాట తరవాత. ముందు టేపు తీసుకుని గేటు కొలువు. వ్యాగనార్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, అద్దాలు దీనికి అదనం. ఆల్టో కే10 అయితే 1490. మీ గేటు ఐదున్నర అడుగులుంటే వ్యాగనార్ అద్దాలు మడిచి దూర్చాలి, అదీ రాత్రి పదింటికి, డ్యూటీ చేసి వచ్చాక. నాలుగు రోజులు దూరుస్తావు, ఐదో రోజు రోడ్డు మీద వదిలేస్తావు. రోజూ వాడే బండిని తియ్యడం పెట్టడం గురించి ఆలోచించాల్సి వస్తే అది ఇంట్లోనే ఉండిపోతుంది. మా వీధిలో గుడ్డలు కప్పుకుని ఉన్న కార్లన్నీ అలాంటివే.

తరవాత ఖర్చు. నెలకి 1300 కిలోమీటర్లు అనుకో. కారు ఆ ట్రాఫిక్‌లో లీటరుకి 16 ఇస్తే 80 లీటర్లు పైనే తాగుతుంది. స్కూటర్ 45 ఇస్తే 29 లీటర్లు. కరెంటు బండికి వంద కిలోమీటర్లకి మూడు నాలుగు యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయలేసుకున్నా నెలకి నాలుగొందల ఇరవై దాటదు. మూడున్నర లక్షలు కారుకి పోసి, మళ్ళీ నెలనెలా పెట్రోలు బంకు వాడికి సమర్పించుకోవడం నాకైతే నచ్చదు. కుండపోత వానొచ్చిన రోజు ఆటో ఎక్కు. ఏడాదిలో అలాంటి రోజులన్నీ ఎక్కినా కారు ఖర్చులో సగం అవ్వదు.

లారీ గాలికి బండి ఊగుతోందన్నావు. చాలామంది ఇంజన్ సైజు, అదే సీసీ చూస్తారుగానీ చక్రం చూడరు. యాక్టివాకీ యాక్సెస్‌కీ ముందు 12 అంగుళాలు, వెనక 10. జూపిటర్‌కీ, కరెంటు బండ్లు ఐక్యూబ్, ఏథర్‌లకీ రెండూ 12. గతుకుల్లో ఆ తేడా నడుముకి తెలుస్తుంది. ముందు డిస్కు బ్రేకున్న మోడలే తీసుకో. లారీ గాలి మాత్రం ఏ స్కూటర్‌నైనా కొడుతుంది, ఎడమ పక్కకి జరిగి వాడిని పోనియ్యి.

మన విశాఖ సంగతి ఇంకోటుంది, షోరూమువాళ్ళు చెప్పరు: ఉప్పుగాలి. పాత కారు చూడాల్సిందే అంటే బీచ్ రోడ్డు వైపు తిరిగిన బండికి పైన పాలిష్ చూసి మురిసిపోవద్దు. లిఫ్ట్ ఎక్కించి అడుగు చూడు, డోర్ల కింద అంచుల్లో వేలితో నొక్కు. పొక్కులా లేచి కరకరమంటే లోపల తినేసినట్టే. స్కూటర్‌కి మొదట సైలెన్సరు, సెంటర్ స్టాండు స్ప్రింగు పోతాయి. వారానికోసారి మంచినీళ్ళతో అడుగు కడుగు. గాజువాక దుమ్ముకి ఎయిర్ ఫిల్టరు కూడా పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్పించు. జిడ్డు పూసిన కాగితం ఫిల్టర్లు గాలి కొట్టి మళ్ళీ పెట్టేవి కావు.

ఇంటి ఓనరు కింద ఛార్జింగ్ పాయింటు ఇస్తానంటే కరెంటు బండి, లేదంటే పెట్రోలు జూపిటర్.

ఎన్ఏడీ నీరజ:

ఫిట్టర్ బాబాయ్ గారు చెప్పినదానికి ఒక ముక్క. కింద పాయింటు లేకపోయినా హీరో విడాలో బ్యాటరీలు ఊడదీసి ఇంట్లో పెట్టుకుని ఛార్జ్ చేసుకోవచ్చు. కానీ అక్కా, ఒక్కోటి పది కేజీల పైమాటే, మీది రెండో అంతస్తు. చంకలో పాప ఉంటే కుదిరే పని కాదు. కంపెనీ చెప్పే రేంజిలో (ఒక ఛార్జికి నడిచే దూరంలో) మూడోవంతు తీసేసి లెక్కేసుకోండి. మీకు 50 కావాలి కాబట్టి మరీ చిన్న బ్యాటరీది వద్దు. నా బండి (పేరు చెప్పను) ఒక చిన్న పార్టు కోసం సర్వీసు సెంటర్లో మూడు వారాలు పడుకుంది. కొనేముందు గాజువాకలోనే సర్వీసు ఉందా లేదా అడగండి.

కూర్మన్నపాలెం కోడలు:

గేటు కొలిచాను. ఐదడుగుల నాలుగంగుళాలు, అంటే దాదాపు 1625 మిల్లీమీటర్లే! మా ఆయన ఆ టేపు లాక్కుని ఆయనే మళ్ళీ కొలిచారు, పెరగలేదు. ఇంటి ఓనర్ గారు మా మీటరు నుంచి కిందకి వైరు లాక్కోమన్నారు. ఐక్యూబ్ చూద్దామనుకుంటున్నాం. బాబాయ్ గారూ, మామూలు ఫ్యాన్ ప్లగ్గు సరిపోతుందా?

రిటైర్డ్ ఫిట్టర్, గాజువాక:

వద్దు. ఏసీకి వేసే లావు ప్లగ్గు, 16 యాంపులది పెట్టించు. మీటరు నుంచి వేరే వైరు, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు). ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించు, పాత ఇళ్ళలో మూడో కన్నం అలంకారానికే ఉంటుంది. బోర్డు మీద వాన పడకుండా మూతున్న పెట్టె కొను. ట్రయల్‌కి వెళ్ళినప్పుడు రైన్‌కోటు, టిఫిన్ క్యారేజీ, పాప బ్యాగు అన్నీ పట్టుకెళ్ళి సీటు కింద పెట్టి చూడు. షోరూమువాళ్ళు నవ్వితే నవ్వనీ.