రెండో రోజు ఎకోలో పీడీఏ, పీఎఫ్ఓ అని రాశారు, కంగారు పడాలా?

ప్రశ్న: నెలలు నిండి పుట్టిన మా అక్క పాపకు గుండెలో మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వచ్చే అదనపు శబ్దం) వినిపించిందని రెండో రోజున 2డి ఎకో తీశారు. చిన్న పీడీఏ, పీఎఫ్ఓ ఉన్నాయని రాసి, నెల తరువాత మళ్లీ చూపించమన్నారు. గర్భంలో బిడ్డ అవయవాలను చూసే ఐదో నెల టిఫా స్కాన్‌లో గుండె బాగానే ఉందన్నారు. అప్పుడు లేనివి ఇప్పుడెలా వచ్చాయి? తెరపై నీలం రంగు కనిపించిందని అక్క ఒకటే దిగులు పడుతోంది.

సమాధానం: అవి కొత్తగా వచ్చినవి కావండి. గర్భంలో బిడ్డకు ఊపిరితిత్తులతో పని ఉండదు కనుక, రక్తం వాటిని దాటిపోవడానికి గుండె పై గదుల మధ్య ఒక ద్వారం (తెరిచి ఉంటే పీఎఫ్ఓ అంటారు), పుపుస ధమనికీ బృహద్ధమనికీ మధ్య ఒక నాళం (తెరిచి ఉంటే పీడీఏ అంటారు) ప్రతి బిడ్డకూ తెరిచే ఉంటాయి; అందుకే టిఫాలో వాటిని లోపంగా రాయరు. పుట్టాక నాళం సాధారణంగా రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది, ద్వారానికి నెలలు పట్టవచ్చు. ఇక ఎకోలో రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌లో ఎరుపు ప్రోబు (ఛాతీపై పెట్టే పరికరం) వైపు వచ్చే రక్తం, నీలం దూరంగా పోయే రక్తం. మంచి రక్తం, చెడు రక్తం అని కాదు.

నన్ను అడిగితే, ఆ రెండు పేర్ల కంటే బృహద్ధమని వంపు గురించి రిపోర్టులో ఏమి రాశారో ముందు చూడాలి. నాళం తెరిచి ఉన్నంతకాలం కోఆర్క్టేషన్, అంటే బృహద్ధమని ఒకచోట ఇరుకుగా ఉండటం, ఎకోలో కూడా స్పష్టంగా తేలకపోవచ్చు. నాళం మూసుకున్నాక కాళ్లకు, మూత్రపిండాలకు రక్తం తగ్గినప్పుడే అది బయటపడుతుంది. గజ్జల్లో నాడి చూశారా, పల్స్ ఆక్సిమీటరును కుడి చేతికీ ఒక పాదానికీ పెట్టారా అని తప్పకుండా అడగండి. రెండుచోట్లా ఆక్సిజన్ 95 శాతానికి తగ్గకుండా, తేడా 3కు మించకుండా ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. కానీ కోఆర్క్టేషన్ ఈ పరీక్షకు కూడా ఒక్కోసారి చిక్కదు.

అందువల్ల నెల గడువు ఉంది కదా అని ఊరుకోకండి. పాలు తాగుతూ ఆయాసపడి ఆగిపోవడం, నుదుట చెమట పట్టడం, నాలుక నీలంగా మారడం, పాదాలు చల్లబడి మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి. మూసుకుపోతున్న నాళాన్ని తెరిపించే ప్రోస్టాగ్లాండిన్ మందును అక్కడ సకాలంలో మొదలుపెట్టగలిగితే, ఆపరేషన్‌కు వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న: రెండోసారి ఎకోకు మత్తు ఇస్తారా?

సమాధానం: ఇంత చిన్న బిడ్డకు సాధారణంగా అవసరం పడదు. పరీక్షకు ముందు కడుపునిండా పాలిచ్చి నిద్రపుచ్చండి, పాత రిపోర్టును వెంట తీసుకువెళ్లండి. వీలైతే పిల్లల గుండె వైద్యుల దగ్గరే తీయించండి.