జీబీఏ గేమ్ మ్యూజిక్‌ని మిడీగా తీయడం ఎలా?

కీస్_కాకినాడ:
అందరికీ నమస్తే. నేను కీబోర్డ్ వాయిస్తా, గేమ్‌బాయ్ అడ్వాన్స్ (జీబీఏ) గేమ్ పోకెమాన్ ఎమరాల్డ్ మ్యూజిక్ అంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం, ముఖ్యంగా ఆ ట్రంపెట్లు. అందులో బ్యాటిల్ మ్యూజిక్‌ని నోట్స్‌గా తీసి మ్యూజ్‌స్కోర్‌లో (నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని నాకు వీలైన శ్రుతికి మార్చుకుని వాయించాలని ఉంది. ఎంపీ3ని మిడీ (ఏ నోటు ఎప్పుడు మోగాలో రాసి ఉండే ఫైల్) చేసే ఒక సైట్‌లో వేస్తే బేసూ ట్రంపెట్టూ డ్రమ్సూ అన్నీ ఒకే ట్రాక్‌లో కుప్పపోసి ఇచ్చింది, పాటలో లేని నోట్లు కూడా వచ్చి చేరాయి. కార్ట్రిడ్జ్ నాదే, దాన్నుంచి రోమ్ ఫైల్ (గేమ్ మొత్తం కాపీ) కూడా తీసుకున్నా. సరైన దారి ఏంటో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బిట్‌రేట్_బాబాయ్:
ఎంపీ3 జోలికి అసలు పోకు తమ్ముడూ. ఆ సైట్లన్నీ పాట విని నోట్లు ఊహించేవే, నీకు ఊహతో పనే లేదు, నోట్లన్నీ రోమ్‌లోనే రాసి ఉన్నాయి. జీబీఏకి నింటెండో డెవలపర్లకిచ్చిన సౌండ్ డ్రైవర్ (గేమ్ మ్యూజిక్‌ని మోగించే ప్రోగ్రామ్) ఒకటుంది, ఎంపీ2కే అంటారు, ఫ్యాన్స్ అయితే సాపీ ఇంజిన్ అనే అంటారు. ఎమరాల్డ్‌లో ఉన్నది అదే. ఏ ట్రాక్‌లో ఏ నోటు, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నది అందులో కమాండ్ల రూపంలో ఉంటుంది, అసలు కంపోజర్లు చేసిన మిడీ ఫైలునే ఈ ఫార్మాట్‌లోకి మార్చే టూల్ ఉండేది, కాబట్టి మనం చేసేది వచ్చిన దారినే వెనక్కి నడవడం.

జీబీఏ మస్ రిపర్ అనే ఫ్రీ టూల్ ఉంది, కమాండ్ లైన్‌లో రోమ్ ఫైల్ పేరు ఇస్తే చాలు, పాటల పట్టిక ఎక్కడుందో అదే వెతుక్కుని మిడీ ఫైళ్ళూ, గేమ్ వాయిద్యాలతో సౌండ్‌ఫాంటూ తీసిస్తుంది. ఆ సౌండ్‌ఫాంట్ తప్పకుండా లోడ్ చేసుకో. ఇన్‌స్ట్రుమెంట్ నంబర్లు ఆ గేమ్ సొంతం, మామూలు మిడీ లెక్కలో ఉండవు, అది లేకుండా ప్లే చేస్తే డ్రమ్స్ పియానోలా మోగి ఫైల్ పాడైందేమో అనిపిస్తుంది. నువ్వు ప్రాణం అన్న ట్రంపెట్ రోలాండ్ ఎస్‌సీ-88ప్రో సౌండ్ మాడ్యూల్ నుంచి తీసుకున్న శాంపిల్ (రికార్డు చేసిన సౌండ్ ముక్క), 8 బిట్‌కి కుదించి వాడారు, ఆ గరుకుదనం అందుకే.

మ్యూజ్‌స్కోర్‌లో పెట్టాక ఒకటి గమనించు. ఈ గేమ్‌ల్లో ఎకో కోసం అదే మెలొడీని ఇంకో ట్రాక్‌లో కాస్త ఆలస్యంగా, తక్కువ వాల్యూమ్‌లో పెట్టడం మామూలే. స్కోర్‌లో అలాంటిది కనబడితే తీసేయ్, లేకపోతే పేజీ నిండా అవే నోట్లు.

కీస్_కాకినాడ:
బాబాయ్ వచ్చేసింది!! బేస్ లైన్ విడిగా వింటుంటే ఒళ్ళు పులకరించింది, ఇన్నాళ్ళూ దాన్ని అసలు పట్టించుకోనేలేదు. ఇంకో డౌట్, పాత గ్రే గేమ్‌బాయ్ గేమ్‌లకి కూడా ఇదే టూల్ పనిచేస్తుందా?

పల్స్‌వేవ్:
చెయ్యదండి, అది వేరే కథ. 1989 గేమ్‌బాయ్‌లో అందరూ వాడే డ్రైవర్ అంటూ లేదు, ఒక్కో కంపెనీ తనకి నచ్చినట్టు రాసుకుంది. ఆ గేమ్‌ల మ్యూజిక్ దొరికే జీబీఎస్ ఫైల్‌లో ఉండేది కూడా నోట్లు కాదు, గేమ్‌లోని మ్యూజిక్ ప్రోగ్రామే. దాన్ని నడిపిస్తూ సౌండ్ రిజిస్టర్లలో (సౌండ్ చిప్‌కి అంకెలిచ్చే చోట్లు) ఏం రాస్తోందో చూసి నోట్లు పట్టాలి, జీబీఎస్‌ప్లే అనే ప్లేయర్‌కి మిడీ అవుట్‌పుట్ ఉంది, అది చేసేది ఇదే. పల్స్ ఛానల్ రిజిస్టర్‌లో x ఉంటే ఫ్రీక్వెన్సీ 131072/(2048−x) హెర్ట్జ్, అంటే శ్రుతి విషయంలో ఊహ లేదు, లెక్కే. కష్టమంతా తర్వాతే. ఉన్నవి 4 ఛానళ్ళే కాబట్టి కార్డ్ వినిపించడానికి ఒకే ఛానల్‌లో మూడు నోట్లు గబగబా మార్చేస్తారు, మిడీలో అవి పొట్టి పొట్టి నోట్ల వరసలా పడతాయి, చేత్తో కలిపి కార్డ్ చేసుకోవాలి. టెంపో కూడా ఉండదు, బార్ గీతలు ఎక్కడెక్కడో పడతాయి. బీట్‌కి ఎన్ని ఫ్రేములో (స్క్రీన్ ఎన్నిసార్లు మారుతోందో) లెక్కపెట్టండి, సెకనుకి దాదాపు 59.73 ఫ్రేములు, బీట్‌కి 24 వస్తే టెంపో 149.3. అది పెట్టాక గీతలు సర్దుకుంటాయి.

బిట్‌రేట్_బాబాయ్:
పైన చెప్పింది కరెక్ట్. జీబీఏలో కూడా కొన్ని గేమ్‌లు క్రావాల్ లాంటి వేరే ఇంజిన్లు వాడాయి, వాటి మీద మస్ రిపర్ పనిచెయ్యదు. నింటెండో డీఎస్ గేమ్‌లైతే చాలావాటికి లోపల ఎస్‌డాట్ అనే మ్యూజిక్ ఫైల్ ఉంటుంది, వీజీఎంట్రాన్స్ అనే టూల్‌లోకి లాగి వదిలితే మిడీ, సౌండ్‌ఫాంట్ రెండూ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. తమ్ముడూ, మిడీలో లూప్ (పాట మళ్ళీ వెనక్కి తిరిగే చోటు) అంటూ స్టాండర్డ్ ఏదీ లేదు, మార్కర్ ఉన్నచోట రిపీట్ గుర్తు నువ్వే పెట్టుకో.