సమస్య: ఆఱు రెట్లు చేయ నంకె లవియె

సంచాలకుడు: ఈ వారం పాదం ఇదే. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. పెద్ద సంఖ్య ఏదైనా తలలో పెట్టుకొని పూరించండి. కాలిక్యులేటర్ వాడుకోవచ్చు.

గోదారిగట్టు:
ఒకటి నేడు చేత నోర్మి భాగింపంగ
వరుస గూడి తిరుగు వలయ సంఖ్య
తలయె తోక యగును దాని నెన్నగ వింత
ఆఱు రెట్లు చేయ నంకె లవియె
ఒకటిని ఏడుతో భాగిస్తే తిరిగి తిరిగి వచ్చే 142857 అని వేరే చెప్పాలా?

లెక్కల మాస్టారు: 'వలయ' గట్టి మాట. భాగహారంలో శేషాలు 1, 3, 2, 6, 4, 5 అని ఆరూ వచ్చి మళ్లీ ఒకటికే చేరతాయి. ఏ శేషం దగ్గర మొదలుపెట్టినా అదే చక్రం. అందుకే రెండు రెట్లు 285714, ఆరు రెట్లు 857142. ఏడు రెట్లయితే ఆట కట్టు, అన్నీ తొమ్మిదులే.

పెన్నకొస: లెక్క సరే. 'వింత' పక్కన 'ఆఱు' విసంధి, అంటే సంధి కలపకుండా వదిలేసిన దోషం కాదా?

గోదారిగట్టు: పాదాంతం అమ్మా, ఊపిరి తీసుకోనివ్వండి. పోయినసారి మీరు 12345679తో పూరించినప్పుడు ఎనిమిది ఎక్కడ పారేశారని నేను అడిగానా?

పెన్నకొస: అడిగారు. రెండుసార్లు. తొమ్మిది రెట్లు చేస్తే 111111111 వస్తుందని చెప్పాక గానీ ఊరుకోలేదు.

నెలాఖరు:
నెలకు చివర చూస్తే నిలువ సున్నయె నాకు
వడ్డి కలుప నేమి వాసి గలుగు
అసలె లేని దాని కాధిక్య మెక్కడ
ఆఱు రెట్లు చేయ నంకె లవియె

సంచాలకుడు: పెద్ద సంఖ్య అడిగితే సున్నా ఇచ్చారు! 'అసలె' శ్లేష అదిరింది. మొదటి పాదంలో 'చూస్తే' రెండు గురువులు, ఇక్కడ ఉండాల్సిన సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) కాదు. 'జూడ' అంటే సరి.

పెన్నకొస: ఇదిగో నాది, భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వస్తువుల పేర్లతో.
అద్రి శరము వసువు లక్షి యబ్ధియు చంద్రు
డొక్క చోట జేర నొప్పు మీర
వామగతిని జదువ వచ్చు నా సంఖ్యను
ఆఱు రెట్లు చేయ నంకె లవియె

లెక్కల మాస్టారు: శభాష్! అద్రి 7, శరము 5, వసువులు 8, అక్షి 2, అబ్ధి 4, చంద్రుడు 1; వామగతి కాబట్టి ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకోవాలి. నా ఓటు దీనికే.

గోదారిగట్టు: సముద్రాలు ఏడు కదా మాస్టారూ? అబ్ధి ఏడైతే 172857. ఆరు రెట్లు 1037142, ఏడంకెలు. పద్యం మునిగినట్టే. పైగా 'సంఖ్యను' పక్కన 'ఆఱు' ఏ సంధో?

పెన్నకొస: భూతసంఖ్యల్లో సముద్రాలు నాలుగే. సూర్యసిద్ధాంతంలో మహాయుగానికి 'ద్వి త్రి సాగర' అంటే 432. పది వేలు పెట్టి గుణిస్తే 43,20,000 ఏళ్లు. సంధి సంగతి... పాదాంతం కదండీ.

లెక్కల మాస్టారు: మన 142857 వర్గం 20408122449. విడదీసి 20408, 122449 కలపండి, మళ్లీ 142857. దేవలాలి బడిపంతులు కాప్రేకర్ పేరున్న సంఖ్యల్లో ఇదొకటి. దాన్నీ భూతసంఖ్యల్లో కట్టండమ్మా, సున్నకు గగనం ఉండనే ఉంది.

పెన్నకొస: కడతాను. గణాలు మీరు చూడండి, సముద్రాలు గోదారిగట్టు గారు లెక్కపెడతారు.