ప్రిపోజిషన్లు: రూల్స్‌తో నేర్పాలా, జతలుగా బట్టీ పట్టించాలా?

పలకాబలపం: ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్), బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు చదివే తెలుగు మీడియం పిల్లలకు ప్రిపోజిషన్లు ఎలా చెప్పాలన్నది ప్రశ్న. రూల్ చెప్తే ఒక వాక్యంలో పనిచేస్తుంది, పక్క వాక్యంలో చెయ్యదు. ‘ఇన్ ద మార్నింగ్’ అట, ‘ఎట్ నైట్’ అట. బస్సుకి ‘ఆన్’, కారుకి ‘ఇన్’. రూల్స్ వదిలేసి పట్టిక ఇచ్చి కంఠతా పట్టించడమే మేలా?

సూత్రధారి: రూల్స్ వదలొద్దండీ. కాలానికీ చోటుకీ అవి గట్టిగా నిలబడతాయి. గడియారం టైముకి ‘ఎట్’, రోజుకీ తేదీకీ ‘ఆన్’, నెలకీ ఏడాదికీ ‘ఇన్’. తెలంగాణ ఏర్పడింది ‘ఇన్ 2014’, ‘ఇన్ జూన్ 2014’. తేదీ తగిలించారా, ‘ఆన్ 2 జూన్ 2014’. రోజు పేరు ఎక్కడ వచ్చినా దానిదే పైచెయ్యి. అందుకే ‘ఇన్ ద మార్నింగ్’ కాస్తా ‘ఆన్ మండే మార్నింగ్’ అయిపోతుంది.

బస్సు సంగతీ అంతే. లోపల లేచి నడవగలిగే బండికి ‘ఆన్’: బస్సు, రైలు, విమానం, ఓడ. ఒదిగి కూర్చునే వాటికి ‘ఇన్’: కారు, ఆటో. పైకెక్కి కూర్చునే సైకిలుకీ బైకుకీ మళ్ళీ ‘ఆన్’. ‘బై’ వాడితే బండి ముందు ఏమీ ఉండకూడదు. ‘బై కార్’ ఒప్పు, ‘బై మై కార్’ తప్పు. ‘ఇన్ మై కార్’ అనాలి.

జంటపదాలు: మీరు చెప్పినవన్నీ ఒప్పే. కానీ కాలం, చోటు దాటాక మీ రూల్ ఏదండీ? ‘డిపెండ్’ పక్కన ‘ఆన్’, ‘కన్సిస్ట్’ పక్కన ‘ఆఫ్’, ‘గుడ్’ పక్కన ‘ఎట్’, ‘మ్యారీడ్’ పక్కన ‘టు’ ఎందుకు రావాలో ఏ సూత్రమూ చెప్పదు. పరీక్షల్లో ‘తప్పు పట్టండి’ ప్రశ్నలు ఎక్కువగా పట్టుకునేది వీటినే.

బట్టీలోనూ పద్ధతి ఉండాలి. విడి పదం కాదు, పొట్టి వాక్యం మొత్తం పట్టాలి. ఒకే పదానికి క్రియ, నామవాచకం, విశేషణం రూపాలను వేరువేరుగా రాసుకోవాలి, ఎందుకంటే రూపం మారితే జత మారుతుంది. ‘ప్రౌడ్ ఆఫ్’ అంటాం, ‘ప్రైడ్ ఇన్’ అంటాం. ‘ఎంఫసైజ్’ క్రియగా ఒంటరిది, ‘ఎంఫసిస్’ అయితే ‘ఆన్’ కావాలి. ‘రిక్వెస్ట్’ క్రియ అయితే అడిగే వస్తువు ముందు ఏమీ ఉండదు, నామవాచకమైతే ‘ఫర్’ వస్తుంది. గదిలోకి అడుగుపెడితే ‘ఎంటర్’ ఒక్కటి చాలు. ఒప్పందం చేసుకుంటే మాత్రం ‘ఎంటర్ ఇంటూ’.

విభక్తి: ఇద్దరూ అసలు చోటు వదిలేశారు. మన పిల్లల తప్పులు గాలిలోంచి రావు, తెలుగులోంచి వస్తాయి. ఎక్కడ జారుతున్నారో చూపిస్తే సగం పని అయిపోతుంది.

‘నుంచి’ చూడండి. ‘2019 నుంచి’ అన్నా, ‘రెండేళ్ళ నుంచి’ అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లీషులో మొదలైన బిందువుకి ‘సిన్స్’, గడిచిన పొడుగుకి ‘ఫర్’. అందుకే ‘సిన్స్ టూ ఇయర్స్’ పుడుతోంది. ‘నుంచి’ ముందున్నది క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపగలిగేదా, లెక్కపెట్టేదా అని అడిగితే చాలు.

‘గురించి’ ఇంకో గొయ్యి, ‘డిస్కస్ అబౌట్’ అని రాయిస్తుంది. మన వ్యాకరణంలో ఇది ద్వితీయా విభక్తి ప్రత్యయం, అంటే కర్మకి అంటుకునేది. ఇంగ్లీషులోనూ ‘డిస్కస్’ అనే క్రియ తన కర్మను నేరుగా పట్టుకుంటుంది. ఇలా వివరిస్తే ‘అబౌట్’ దానంతట అదే రాలిపోతుంది. ‘డిస్కషన్’ అన్నప్పుడు మాత్రం ‘అబౌట్’ ఉండొచ్చు. ‘రీచ్’ తర్వాత ‘టు’ పెట్టేది మన ‘కి’ వల్ల, ‘మ్యారీడ్ విత్’ అనేది మన ‘తో’ వల్ల. ‘కంటే’ అనగానే ‘దాన్’ రాస్తారు గానీ సుపీరియర్, ఇన్‌ఫీరియర్, సీనియర్, జూనియర్ లాటిన్ నుంచి వచ్చిన పోలిక పదాలు, వాటికి ‘టు’ కావాలి.

తెలుగు సాయం చేసే చోట్లూ ఉన్నాయి, వాటిని ఎవరూ వాడుకోరు. ‘అయిదింటిలోగా ఇవ్వాలి’, ‘అయిదింటిదాకా ఆగాలి’. మనం ఎన్నడూ ఈ రెండూ కలిపెయ్యం. లోగా అంటే ‘బై’, దాకా అంటే ‘అంటిల్’. అలాగే ‘పది నిమిషాల్లో వస్తా’ అంటే ‘ఇన్ టెన్ మినిట్స్’, ‘పది నిమిషాల్లోపు’ అంటే ‘వితిన్’.

సూత్రధారి: విభక్తి గారూ, ఇందులో ప్రమాదం ఉంది. ‘కి’ సంగతేం చేస్తారు? ‘ఊరికి వెళ్ళాడు’లో ‘టు’, ‘అయిదింటికి వచ్చాడు’లో ‘ఎట్’, ‘కుక్కకి భయపడతాడు’లో ‘ఆఫ్’, ‘ఇంటికి వెళ్ళాడు’లో అసలేమీ లేదు. తెలుగు నుంచి మొదలుపెడితే ప్రతి వాక్యాన్నీ మనసులో అనువాదం చేసుకునే అలవాటు పడుతుంది.

విభక్తి: నిజమే. అందుకే అది రాసేటప్పటి పని కాదు, దిద్దేటప్పటి పని. రాసిన పేరాలో ప్రిపోజిషన్ తప్పులన్నీ గీత గీసి మూడు కుప్పలు చెయ్యండి: చోటు–కాలం తప్పులు, జత తప్పులు, తెలుగు లాగిన తప్పులు. మొదటి కుప్పకి సూత్రధారి గారి రూల్, రెండోదానికి జంటపదాలు గారి వాక్యాలు. మూడోదానికి తెలుగు వాక్యం పక్కన ఇంగ్లీషు వాక్యం రాయించాలి.

కోస్తాగాలి: నా అభ్యంతరం వేరు. ‘డిస్కస్ అబౌట్’ మన దేశంలో చదువుకున్నవాళ్ళు చాలామంది అంటారు, అర్థం చెడదు. దాన్ని తప్పనడం ఎంతవరకు న్యాయం? బ్రిటన్‌లో ‘ఎట్ ద వీకెండ్’, అమెరికాలో ‘ఆన్ ద వీకెండ్’. రెండూ ఒప్పే కదా!

జంటపదాలు: మాటల్లో నేనూ తప్పు పట్టను. పరీక్ష ఆన్సర్ కీ ఆ దయ చూపదు, మార్కు పోయేది పిల్లలకి. రెండు రూపాలూ ఒప్పయిన చోట ఎవరూ కాదననిది నేర్పుతాను. ‘డిఫరెంట్’కి టు, దాన్, ఫ్రమ్ మూడూ వాడతారు. పరీక్షలో ‘ఫ్రమ్’ రాస్తే ఏ భయమూ లేదు.

కోస్తాగాలి: మరి ‘బిట్వీన్’ ఇద్దరికే, అంతకు మించితే ‘అమాంగ్’ అన్న రూల్? మూడు దేశాల మధ్య ఒప్పందం అయితే మంచి ఇంగ్లీషులో ‘బిట్వీన్’ అనే రాస్తారు. ఎవరికి వారు విడిగా ఉన్నప్పుడు సంఖ్యతో పనిలేదు. గుంపుగా చూసినప్పుడే ‘అమాంగ్’. అరకొర రూల్‌ని పూర్తి రూల్‌గా నేర్పితే సరైన వాక్యం చదివి కూడా తప్పనుకుంటారు.

జంటపదాలు: అది ఒప్పుకుంటాను. ‘తప్పు పట్టండి’ ప్రశ్నలో అలాంటి ‘బిట్వీన్’ వస్తే నాలుగు ఆప్షన్లూ చూసి, మిగతా మూడింటిలో తిరుగులేని తప్పు ఉందేమో ముందు వెతకమనాలి. లేదంటేనే ‘బిట్వీన్’ మీద వేలు పెట్టమనాలి.