అనాథ పిల్లల నవలలు: ముద్దొస్తేనే ఇల్లు దక్కుతుందా?

పెంపుడు తల్లి: మా పాపను దత్తత తీసుకున్నాం. ఆ సంగతి తనకు మొదటినుంచీ తెలుసు. ఈ మధ్య అనాథ పిల్లల నవలలు తెగ చదువుతోంది. చాలావాటిలో ఒకటే వరస: దిక్కులేని పిల్ల వస్తుంది, చురుకుతనంతో, కబుర్లతో చిటపటలాడే పెద్దల మనసు కరిగిస్తుంది, ఇల్లు దక్కించుకుంటుంది. మొన్న పుస్తకం మూసి, "ఆ అమ్మాయి అంత మంచిది కాకపోతే వెనక్కి పంపేసేవాళ్లా?" అని అడిగింది. దత్తత పిల్లల చేతికి ఇలాంటి కథలు ఇవ్వకూడదనే నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

బాలసాహిత్య ప్రేమికుడు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 1908లో వచ్చిన 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' చూడండి. పొలం పనికి మగపిల్లవాడు కావాలని మరిల్లా, ఆమె సోదరుడు మాథ్యూ కబురు పెడితే పొరపాటున ఆన్ అనే అనాథ పిల్ల వస్తుంది. ఈ పిల్ల మనకేం పనికొస్తుందని మరిల్లా అడిగితే, మనమే ఆ పిల్లకు పనికొస్తామేమో అంటాడు మాథ్యూ. అయినా మరిల్లా తిప్పి పంపడానికే బయల్దేరుతుంది. పనిపిల్లలను రాచిరంపాన పెడుతుందని పేరున్న ఒకావిడ నేను తీసుకుపోతానన్నప్పుడు, ఆన్ ముఖం పాలిపోవడం చూసి మనసు మార్చుకుంటుంది. అక్కడ పనిచేసింది కబుర్లు కాదండీ, ఆ పిల్ల భయం.

పెంపుడు తల్లి: నిజమే. కానీ మా పాపకు గుర్తుండిపోయింది మొదటి రోజు ఏడుపు. అబ్బాయిని కానని నన్ను వద్దంటున్నారని ఆన్ ఏడుస్తుందే, అది.

దత్తత వెళ్లిన బిడ్డ: ఆ ప్రశ్న నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, ముందునుంచే లోపల ఉంది. మీ పాప తన గురించి అడగలేక ఆన్ గురించి అడిగింది. పుస్తకాలు దాచేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. నా అభ్యంతరం వేరు. ఇల్లు దొరకగానే కన్నవాళ్ల మీద బెంగ మాయమైపోయినట్టు రాస్తారు. అందుకే కేథరిన్ పాటర్సన్ 1978లో రాసిన 'ద గ్రేట్ గిల్లీ హాప్కిన్స్' నాకు ప్రాణం. కన్నతల్లికి దూరంగా పరాయి ఇళ్లలో పెరిగే గిల్లీ దొంగతనం చేస్తుంది, నోటికొచ్చినట్టు మాట్లాడుతుంది. అయినా ఆశ్రయమిచ్చిన ట్రాటర్ ఆమెను వదులుకోదు. తీరా అక్కడే ఉండిపోవాలని గిల్లీకి అనిపించేసరికి, అంతకుముందు తల్లికి తాను రాసిన ఉత్తరం పుణ్యమా అని అమ్మమ్మ వచ్చి తీసుకుపోతుంది. చివరికి తల్లి వస్తుంది, అదీ అమ్మమ్మ డబ్బిస్తేనే.

పెంపుడు తల్లి: అంత బాధ చిన్నపిల్ల ఎలా మోస్తుందండీ?

దత్తత వెళ్లిన బిడ్డ: ఒంటరిగా చదవమనకండి, మీరూ పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ మాట్లాడండి. దానికంటే ముందు, ఇవాళే, ఏ కథ ప్రస్తావనా లేకుండా, నువ్వు ఎలా ఉన్నా ఎక్కడికీ పంపం అని మీ నోటితో చెప్పండి.