అప్‌డేట్: 'రెబెకా' నాయిక ఎక్కడ మారింది? (కథ గుట్టు ఉంది)

సస్పెన్స్ నవలలో సంఘర్షణ నాయిక స్వభావాన్ని ఎలా మారుస్తుందని, డాఫ్నే డ్యూ మారియర్ 1938 నాటి 'రెబెకా' చదువుతూ అడిగాను కదా. చాలామంది, "భర్త మాక్సిమ్ నిజం చెప్పిన మర్నాటి ఉదయం చూడండి" అన్నారు. చూశాను. ఎంత బాగా రాశారో!

మొదటి భార్య రెబెకా పోయాక మాక్సిమ్ డి వింటర్‌ను పెళ్లాడిన, పేరైనా తెలియని ఆ అమ్మాయి మొదట్లో పింగాణీ బొమ్మ పగిలితే ముక్కలు సొరుగులో దాచేస్తుంది. ఫోను మోగి ఎవరో మిసెస్ డి వింటర్‌ను అడిగితే, ఆవిడ పోయి ఏడాది దాటిందంటుంది. ఇప్పుడు ఆ పేరు తనదేనన్న స్పృహే ఉండదు! అదే మనిషి ఆ ఉదయం, మిగిలిపోయిన చల్లటి వంటకాల మెనూ మీద గీత కొట్టి, వేడిగా వండించమని కబురు పెడుతుంది. నిలదీయడానికి వచ్చిన, ఇంటి వ్యవహారాలు చూసే మిసెస్ డాన్వర్స్‌తో, ఇప్పుడు మిసెస్ డి వింటర్‌ని నేనే అని ముఖం మీదే చెబుతుంది.

నన్ను వెంటాడుతున్నది మాత్రం ఆ ధైర్యం కాదు. రెబెకాను చంపింది తానేనని భర్త ఒప్పుకున్నా, అతను ఆమెను ఎన్నడూ ప్రేమించలేదన్న ఊరటే ఈమెకు ముఖ్యం. కాబట్టి 'ఎదిగింది' అని ఊరుకోలేను. భయం పోయిన క్షణానే నేరంలో భాగస్వామి కూడా అయింది. విచారణ అధ్యాయాలను ఈ దృష్టితో మళ్లీ మొదలుపెట్టాను.